ఇంటి దగ్గర మురుగునీటి ప్లాంటు కంపు: పిటిషన్ మీద సంతకం పెట్టాలా వద్దా?

యలహంక_యాదగిరి
మాది బెంగళూరులో యలహంక దాటాక ఒక అపార్ట్‌మెంటు. 180 ఫ్లాట్లు. కొని ఏడాదిన్నర అయింది, లోను ఇంకా పద్దెనిమిదిన్నరేళ్లుంది. బాల్కనీలో నిలబడితే పడమర వైపు ముప్పావు కిలోమీటరు దూరంలో చెరువుగట్టు, దాని పక్కన మురుగునీటి శుద్ధి ప్లాంటు కనిపిస్తాయి. ఫ్లాటు చూపించినప్పుడు బిల్డర్ మనిషి 'లేక్ వ్యూ సార్' అన్నాడు. అబద్ధం కాదు, సగం చెప్పాడంతే.

రెండు నెలలుగా, అంటే డిసెంబరు మొదటి నుంచి, రాత్రి ఒంటిగంట దాటాక కుళ్లిన కోడిగుడ్ల కంపు మొదలవుతోంది. పొద్దున ఏడుకల్లా ఏమీ ఉండదు. మా అమ్మ ఊరి నుంచి వచ్చి నెలరోజులుంటానని నాలుగు రోజులకే 'దీనికంటే మన గొడ్ల కొట్టం నయం రా' అని బస్సెక్కేసింది.

ఆ ప్లాంటును అక్కడి నుంచి తీసేయాలని అసోసియేషన్ వాళ్లు పిటిషన్ రాశారు. ఇప్పటికి 112 సంతకాలు. నాకెందుకో చెయ్యి రావడం లేదు. మా ఆవిడేమో 'పెడితే పోయేదేముంది' అంటోంది. ఇలాంటి ప్లాంట్ల పక్కన ఉన్నవాళ్లు, వాటి సంగతి తెలిసినవాళ్లు చెప్పండి.

పెసరట్టు_ప్రసాద్
కళ్లు మూసుకుని పెట్టెయ్ బ్రో. రేపు ఫ్లాటు అమ్మేటప్పుడు కొనేవాడు ముక్కుతో కూడా బేరమాడతాడు.

బెళ్ళందూరు_బాధితుడు
తీసేసి ఎక్కడ పెట్టమంటారు? అది రాశారా పిటిషన్లో?

నేను బెళ్ళందూరు చెరువు దగ్గర ఎనిమిదేళ్లున్నాను. 2015 మేలో చెరువు మీది నురగ అంటుకుంది. నీళ్లు మండటం అక్కడే చూశాను. 2017 ఫిబ్రవరిలో మళ్లీ. 2018 జనవరిలో మంటలార్పడానికి ఆర్మీ జవాన్లు దిగారు. వానాకాలంలో బైకు మీద పోతుంటే నురగ గుడ్డముద్దలా ఎగిరొచ్చి హెల్మెట్ అద్దానికి అతుక్కునేది. తుడిస్తే జిడ్డు. ఇంత నురగ రావడానికి సగం కారణం మన బట్టల సబ్బు, మిగతా సగం శుద్ధి చేయకుండా వదిలేసిన మురుగు. నీకు ప్లాంటు ఉండి కంపు వస్తోంది. ప్లాంటుకు చేరని మురుగు ఏం చేస్తుందో మేం చూశాం.

పెన్నగట్టు_నెల్లూరు
ఆ బెళ్ళందూరు నీళ్లన్నీ చివరికి మా పెన్నలోకే కదా వచ్చేది. మీరు స్నానం చేస్తే మేం తాగాలి.

బెళ్ళందూరు_బాధితుడు
@పెన్నగట్టు_నెల్లూరు కాదు సార్. బెళ్ళందూరు, వర్తూరు నీళ్లు దక్షిణ పినాకినిలో కలిసి హోసూరు దగ్గర కెలవరపల్లి డ్యాముకు పోతాయి. అక్కడా ఇదే నురగ. మీది ఉత్తర పినాకిని. నంది కొండల దగ్గర పుట్టి చిక్కబళ్ళాపురం, గౌరిబిదనూరు మీదుగా హిందూపురం వైపు దిగుతుంది. రెండూ పుట్టింది ఒకచోటే, కాపురాలు వేరు.

పెన్నగట్టు_నెల్లూరు
సరే, అంతవరకు బతికిపోయాం. మరి హెబ్బాళ, నాగవార ప్లాంట్ల నీళ్లు చిక్కబళ్ళాపురం చెరువులకు పంపుతున్నారు కదా, అవి మా వైపేగా?

బెళ్ళందూరు_బాధితుడు
ఆ మాట నిజమే. కానీ అవి చెరువులు నింపడానికే. నెల్లూరు దాకా పారేంత నీళ్లుంటే చిక్కబళ్ళాపురం వాళ్లు పండగ చేసుకుంటారు.

ఎస్టీపీ_శీను
పదకొండేళ్లుగా ఈ ప్లాంట్ల మెయింటెనెన్సే నా పని. సంతకం సంగతి పక్కన పెట్టి ముందు ముక్కును సరిగ్గా వాడండి.

ఎస్టీపీని, అంటే మురుగునీటి శుద్ధి ప్లాంటును, యంత్రం అనుకుంటారు అందరూ. అది గొడ్ల కొట్టం లాంటిది. లోపల ఉండేది బ్యాక్టీరియా. మన మురుగు దానికి మేత. బ్లోవర్, అంటే ట్యాంకులోకి గాలి ఊదే మోటారు, నుంచి వచ్చే గాలి దానికి ఊపిరి. మేత, గాలి రెండూ వేళకు అందితే అది తిని, బలిసి, ముద్దలుగా అడుగున కూర్చుంటుంది. పైన తేరిన నీళ్లు వడగట్టి క్లోరిన్ వేసి వదులుతాం. ఇంటి మురుగులో బీఓడీ లీటరుకు 200 నుంచి 300 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. బాగా నడిచే ప్లాంటులో అది పదికి దిగుతుంది. బీఓడీ అంటే ఆ మురికిని తినడానికి బ్యాక్టీరియాకు ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే లెక్క. శుద్ధి చేయకుండా చెరువులో వదిలితే ఆ ఆక్సిజన్ చేపల నోట్లోంచి లాక్కుంటుంది. ఒకేరాత్రి చేపలన్నీ వెల్లకిలా తేలాయని పేపర్లో చదివేది చాలాసార్లు దీని గురించే.

గాలి అందుతున్న ట్యాంకు కంపు కొట్టదు. తొలకరికి తడిసిన మట్టి వాసన వస్తుంది. రంగు చాక్లెట్‌లా ఉంటుంది. గాలి ఆగితే మాత్రం కొన్ని గంటల్లో ఆ బ్యాక్టీరియా చచ్చిపోవడం మొదలై, గాలి అక్కర్లేని రకం లేస్తుంది. అది వదిలేదే కోడిగుడ్ల కంపు, హైడ్రోజన్ సల్ఫైడ్. నీళ్లు నల్లబడతాయి.

ఇప్పుడు యాదగిరి గారికి రెండు ప్రశ్నలు. ప్లాంటు మీకు పడమర అన్నారు. చలికాలంలో బెంగళూరులో గాలి ఎక్కువగా తూర్పు నుంచి వీస్తుంది. మరి కంపు గాలికి ఎదురు నడిచి మీ ఇంటికెలా వస్తోంది? రెండోది, చెరువు పక్కన ప్లాంటుకు రాత్రి ఒంటిగంట, పగలు ఒంటిగంట ఒకటే. ఇరవై నాలుగు గంటలూ నడవాలి. వేళ చూసుకుని కంపు కొట్టేది ఏంటి? మీ అపార్ట్‌మెంటుకు సొంత ఎస్టీపీ ఉందా?

యలహంక_యాదగిరి
ఉంది. బేస్‌మెంటులో, బి బ్లాకు కింద. మాది బి బ్లాకు మూడో అంతస్తు. అయినా అది బాగానే నడుస్తోందని ప్రతి మీటింగులో చెబుతారే.

పెసరట్టు_ప్రసాద్
ఎవరి కంపు వాళ్లకు ఇంపు 😂

బోరు_1200_అడుగులు
శీనుగారూ, అంతా బాగానే చెప్పారు కానీ ఈ ఊళ్లో ప్లాంట్లు కాగితాల మీద నడిచినంత బాగా నేల మీద నడవవు. మా వైపు ప్లాంటు కట్టారు, దానికి పైపులైను కలపలేదు. మురుగు రాజకాలువలో, అదే వాననీళ్ల పెద్దకాలువలో, దర్జాగా చెరువుకు పోతుంటుంది, ప్లాంటు పక్కన నిలబడి చూస్తుంటుంది. పెళ్లికొడుకు లేని పెళ్లి.

ఎస్టీపీ_శీను
కాదనను. పైపు కలపకుండా కట్టిన ప్లాంటు కంటే తలుపు లేని మరుగుదొడ్డి నయం.

జక్కూరు_జాజి
మరీ అన్నింటినీ ఒకే గాటన కట్టకండి. జక్కూరు చెరువు దగ్గర పొద్దున వాకింగుకు రండి. అక్కడా గట్టు పక్కనే ప్లాంటు. రోజుకు కోటి లీటర్లతో మొదలుపెట్టి తర్వాత కోటిన్నరకు పెంచారు. శుద్ధి అయిన నీళ్లు నేరుగా చెరువులో పడవు. ముందు జమ్ముగడ్డి పెరిగిన చిత్తడి నేల గుండా పోతాయి. ప్లాంటు వదిలేసిన నైట్రోజన్, ఫాస్ఫరస్‌లో కొంత ఆ గడ్డి పీల్చుకుంటుంది. ఎండాకాలంలో చుట్టుపక్కల చెరువులు పగుళ్లిచ్చినప్పుడు కూడా అక్కడ కొంగలు, నీటికాకులు ఉంటాయి. ఆ ప్లాంటు తీసేస్తే ఎండాకాలంలో ఆ చెరువులోకి నీళ్లెక్కడివి? కంపు రాదని అనను. ఉక్కపోత రోజుల్లో కొంచెం వస్తుంది. ముక్కు మూసుకుని పారిపోయేంత కాదు.

ముళబాగిలు_మునెప్ప
మీరు వద్దన్న నీళ్లే మా తట్టు చెరువులు నింపినాయి. బెంగళూరులో కోరమంగళ-చెల్లఘట్ట వాలీ ప్లాంట్ల నుంచి కోలారుకు పంపే నీళ్ల సంగతి చెబుతున్నా. రోజుకు 44 కోట్ల లీటర్ల పథకం అది. 2018 జూన్‌లో మొదట లక్ష్మీసాగర చెరువుకు వచ్చినాయి. మా నాయన వయసువాళ్లు నీళ్లొచ్చే కాలువకు పసుపు కుంకుమ పెట్టినారు. నదీ లేదు, కాలువా లేదు, పన్నెండొందల అడుగులు పోయినా బోరులో దుమ్మొచ్చే జిల్లా మాది. పైగా ఆ లోతు నీళ్లలో ఫ్లోరైడు. చెరువు నిండినాక మా మామ తోటలో ఎండిపోయిన పాత బోరు మళ్లీ పోసింది. టమాటా పెట్టినాడు, ఆ ఏడు రేటు పడిపోయి పశువులకేసినాడు, అది వేరే కథ.

బోరు_1200_అడుగులు
@ముళబాగిలు_మునెప్ప అన్నా, లక్ష్మీసాగరకు నీళ్లొచ్చిన నెలకే నురగ కూడా వచ్చింది, అది చెప్పలేదు. 2018లో హైకోర్టు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చాయి. తర్వాత మళ్లీ వదిలారు. ఇప్పటికీ వచ్చేది రెండో దశ వరకు, అంటే బ్యాక్టీరియా మురుగు తినే దశ వరకు, శుద్ధి చేసిన నీళ్లే. మిగిలిన నైట్రోజన్, ఫాస్ఫరస్ లాంటివి కూడా తీసే మూడో దశ కావాలని కోలారులో రైతులే ఏళ్లుగా అడుగుతున్నారు. మన కంపు మనం కడుక్కోకుండా పక్క జిల్లాకు పంపి పుణ్యం చేశామనుకోవడం ఏం బాగుంటుంది?

ముళబాగిలు_మునెప్ప
నేను మాత్రం వద్దంటినా? మూడో దశ పెట్టాల్సిందే. ఆ చెరువు నీళ్లు మేం తాగం, పిల్లలను ఈతకు కూడా పంపం. కానీ 'శుద్ధి సరిగ్గా చేయండి' అనేది ఒక మాట, 'నీళ్లే వద్దు' అనేది ఇంకో మాట. రెండోది నీళ్లున్న ఊళ్లో కూర్చుని చెప్పే మాట అప్పా.

కావేరి_కుళాయి
నీళ్లున్న ఊరు అని ఎవరన్నారండీ. 2024 మార్చిలో తాగే నీళ్లతో కారు కడిగితే ఐదువేలు ఫైను అన్నారు గుర్తుందా? మా ఎదురింటాయన అప్పటి నుంచి రాత్రి పదకొండుకు లైటు తీసేసి కడిగేవాడు, దొంగలా. కావేరి నీళ్లు వంద కిలోమీటర్ల అవతలి తొరెకాడనహళ్లి నుంచి దాదాపు ఐదువందల మీటర్ల ఎత్తుకు పంపు చేస్తే మన కుళాయికి వస్తాయి. 2024 అక్టోబరులో మొదలైన ఐదో దశతో రోజుకు ఇంకో 77.5 కోట్ల లీటర్లు కలిశాయి. అంత కరెంటు పోసి కొండెక్కించిన నీళ్లను ఒక్కసారి వాడి కాలువలో వదిలేస్తున్నాం.

దేవనహళ్లి_చక్కోత
బెంగళూరు పెద్ద ప్లాంట్ల గురించే చెబుతున్నారు. మా చిన్న ఊరి ప్లాంటు గురించి కూడా వినండి. దేవనహళ్లిలో అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ లేని రోజుల్లో ఇంటింటికీ గుంత, గుంత నిండితే లారీ. ఆ లారీవాడు చీకటి పడ్డాక ఏ పొలంలోనో, ఏ కాలువలోనో వదిలేసి పోయేవాడు. మా తాత ద్రాక్షతోట పక్కన ఒకసారి వదిలాడు. మూడు రోజులు తోటలోకి ఎవరూ పోలేదు.

2015లో సెప్టిక్ గుంతల బురద కోసమే ఒక ప్లాంటు పెట్టారు. రోజుకు ఆరువేల లీటర్లు, ఒకటి రెండు లారీల సరుకు. పట్టణం మొత్తానికి ఇలాంటిది పెట్టడం దేశంలో ఇదే మొదలు. పెద్ద పెద్ద మోటార్లేమీ ఉండవు, వాలును బట్టే చాలావరకు పని జరుగుతుంది. బురద ముందు గాలి లేని తొట్లలో కుళ్లి చల్లబడుతుంది. తర్వాత కంకర, ఇసుక పరిచిన మళ్లల్లో ఆరుతుంది. పక్కకు దిగిన నీళ్లకు వేరే శుద్ధి. ఎండిన దాన్ని తడిచెత్తతో కలిపి ఎరువు చేస్తారు. నేను కాలేజీలో ఉండగా మమ్మల్ని చూడటానికి తీసుకెళ్లారు. ఆరిన బురదను చేతిలోకి తీసుకోమంటే మా లెక్చరర్ వెనక్కి జరిగింది, నేను తీసుకున్నా. పిడకపొడిలా ఉంది, కంపు లేదు.

పెసరట్టు_ప్రసాద్
దేవనహళ్లి ద్రాక్షలు ఇక తినను. చెప్పి మంచిపని చేశావు.

దేవనహళ్లి_చక్కోత
నువ్వు తినే ఆకుకూర ఏ నీళ్లతో పెరిగిందో చెప్పమంటావా?

పెసరట్టు_ప్రసాద్
వద్దు తల్లీ.

యలహంక_యాదగిరి
అప్‌డేట్. శీనుగారు అడిగిన రెండు ప్రశ్నలకు నిద్ర పట్టలేదు. నిన్న రాత్రి రెండున్నరకు స్వెటర్ వేసుకుని బయల్దేరాను. మా ఆవిడ 'కంపు వెతుక్కుంటూ పోయే మొగుణ్ని నిన్నే చూశా' అంది. ముందు చెరువు ప్లాంటు గేటు దాకా బండి మీద పోయా. అక్కడ కుక్కలు తప్ప ఏమీ లేవు. మోటార్ల హోరు వినిపిస్తోంది, వాసన మామూలుగానే ఉంది, కాస్త తడిమట్టిలాగా. తిరిగొచ్చి మా బేస్‌మెంటు మెట్లు దిగుతుంటే మూడో మెట్టు మీదే కళ్లు మండాయి.

ఇంకో సంగతి. పగలు అక్కడికి పోతే బ్లోవర్ చప్పుడుకు ఫోను మాట్లాడలేం. రాత్రి మాత్రం కారుషెడ్డులా నిశ్శబ్దం. ఇప్పుడు మురుగు వచ్చి చేరే కలెక్షన్ ట్యాంకు మూత తీసి లోపల టార్చి వేసి చూద్దామనుకుంటున్నా.

ఎస్టీపీ_శీను
ఆగండి. మూత జోలికి పోవద్దు. మీరు కాదు, మీ వాచ్‌మన్ కాదు, ఎవరూ వద్దు. కళ్లు మండాయంటేనే అక్కడ గ్యాసు ఉన్నట్టు. ఎక్కువైతే ఆ గ్యాసు వాసన కూడా తెలియదు, ముక్కు మొద్దుబారిపోతుంది. వాసన పోయిందిలే అని ఇంకో అడుగు లోపలికి వేస్తారు, అక్కడే పడిపోతారు. తీయడానికి దిగినవాడూ పడిపోతాడు. తగిన రక్షణ లేకుండా మనుషులను ఇలాంటి ట్యాంకుల్లోకి దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. అయినా చనిపోతూనే ఉన్నారు. నాతోపాటు పని నేర్చుకున్నవాడు ఒకడు అలాగే పోయాడు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

పగలు, ఆపరేటర్ ఉన్నప్పుడు, బ్లోవర్ ఆన్‌లో ఉన్నప్పుడు, గాలి ఊదే ఎయిరేషన్ ట్యాంకు నీళ్లు ఒక లీటరు గాజు జాడీలో పట్టించండి. అరగంట కదపకుండా ఉంచండి. బురద మూడు నాలుగు వందల మిల్లీలీటర్ల దగ్గర కూర్చుని పైన నీళ్లు తేటగా ఉంటే ఆరోగ్యం బాగున్నట్టు. ఫొటో పెట్టండి.

యలహంక_యాదగిరి
జాడీ పట్టించాను. చాక్లెట్ రంగు కాదు, ఇంకు రంగు. అరగంటకు అడుగున నూరు మిల్లీలీటర్లు కూడా లేదు, పైన నీళ్లు బియ్యం కడిగిన కుడితిలా ఉన్నాయి.

ఆపరేటర్ ఒడిశా కుర్రాడు, ఇరవై మూడేళ్లుంటాయి. ముందు ఏమీ చెప్పలేదు. టీ తాగించాక గోడ మీది టైమరు చూపించాడు. డిసెంబరు ఒకటి నుంచి రాత్రి పదకొండు నుంచి పొద్దున ఐదు దాకా బ్లోవర్ ఆఫ్. కరెంటు బిల్లు తగ్గించమని అసోసియేషన్లో ఒకాయన చెప్పాడట. ఆయన పేరు రాయను కానీ పిటిషన్లో మొదటి సంతకం ఆయనదే.

బెళ్ళందూరు_బాధితుడు
అత్త మీద కోపం దుత్త మీద. పాపం ఆ చెరువు ప్లాంటు.

ఎస్టీపీ_శీను
చాలాచోట్ల ఇదే చూస్తాను. మీ బ్లోవర్ ఎన్ని హార్స్‌పవర్?

యలహంక_యాదగిరి
పది.

ఎస్టీపీ_శీను
అంటే ఏడున్నర కిలోవాట్లు. ఆరు గంటలకు 45 యూనిట్లు. యూనిట్ ఎనిమిది రూపాయలు వేసుకున్నా రాత్రికి 360, నెలకు 10,800. 180 ఫ్లాట్లకు పంచితే నెలకు అరవై రూపాయలు. మీ ఆవిడ ఒక్కసారి ఫిల్టర్ కాఫీ తాగితే అయిపోయే డబ్బు.

అయితే ఇప్పుడు స్విచ్ వేయగానే బాగైపోదు. చచ్చిన బ్యాక్టీరియా లేచి రాదు. బాగా నడిచే ఇంకో ప్లాంటు నుంచి ఒక ట్యాంకరు మంచి స్లడ్జ్, అదే బతికున్న బ్యాక్టీరియా బురద, తెచ్చి పోయించండి, పెరుగుకు తోడు వేసినట్టు. రెండు మూడు వారాలు పడుతుంది. బ్లోవర్ బాగా సతాయిస్తే రాత్రి గంట నడిపి గంట ఆపే పద్ధతి ఉంది, దానికి ట్యాంకులో ఆక్సిజన్ కొలుస్తూ ఉండాలి. బ్లోవర్ నడిచే గంటలో అది లీటరుకు రెండు మిల్లీగ్రాములకు తగ్గకూడదు. ఆరు గంటలు గుడ్డిగా ఆపడం మాత్రం కుదరదు.

కావేరి_కుళాయి
బాత్‌రూముల్లో యాసిడ్ పోయడం కూడా ఆపమనండి. మా అపార్ట్‌మెంట్లో దీపావళి వారం ఇళ్లన్నీ కడిగినప్పుడల్లా ఎస్టీపీకి జ్వరం వస్తుంది.

బోరు_1200_అడుగులు
ఒక్క మాట. మీ ఇంటికొచ్చే కంపు మీ ప్లాంటుదే అని తేలింది, సంతోషం. అలాగని చెరువు ప్లాంటుకు సర్టిఫికెట్ ఇచ్చేయకండి. దాని నీళ్ల రిపోర్టు అడగండి. పిటిషన్ పెట్టాలంటే అది పెట్టండి.

ఎస్టీపీ_శీను
దీనికి నేనూ ఓటు వేస్తా.

ముళబాగిలు_మునెప్ప
నాదీ ఓటే. ఆ నీళ్లు చివరికి చేరేది ఏ ఊరికో అడిగి రాయండి, మా లాంటి ఊరే అయ్యుంటాది.

యలహంక_యాదగిరి
మూడు వారాల తర్వాత. మీటింగులో గొడవ జరిగింది. టైమరు పెట్టించిన పెద్దాయన 'మీరు ఇంజనీరా' అని అడిగాడు. కాదు, అకౌంటెంటును అన్నాను. అరవై రూపాయల లెక్క బోర్డు మీద వేశాను, అందరూ నవ్వారు, ఆయన నవ్వలేదు. ఇప్పుడు బ్లోవర్ రాత్రంతా నడుస్తోంది. తోడు కూడా వేయించాం. నిన్న జాడీలో రెండువందల ఎనభై దగ్గర కూర్చుంది, పైన నీళ్లు కాస్త పసుపు. కంపు చాలావరకు పోయింది. కానీ ఇప్పుడు ఎ బ్లాకువాళ్లు రాత్రి బ్లోవర్ చప్పుడని కంప్లయింటు ఇచ్చారు.

అమ్మకు ఫోను చేసి రమ్మన్నాను. గేదె ఈనేదాకా రానంది.

పెసరట్టు_ప్రసాద్
మరి ఆ 112 సంతకాలు ఏమయ్యాయి?

యలహంక_యాదగిరి
కాగితాలు ఎస్టీపీ గదిలోనే ఉన్నాయి. వాటి వెనకవైపు ఆపరేటర్ రోజూ రాత్రి బ్లోవర్ రీడింగులు రాస్తున్నాడు.